జగన్నాథ్ నడక

వటుకౌలా బంగారు గనిలో పనిచేసే రోజుల్లోనే జగన్నాథ్ చెవుల్లో ఎవరెవరో మాట్లాడటం మొదలైంది. మందులు ఆ గొంతులను అణిచాయి గానీ, ఆకలి రేపి ఒళ్లు పెంచాయి. షుగరూ వచ్చింది. ఆసుపత్రిలో షుగరు రోగులకు క్లాసు చెప్పే నర్సు, "తీపి మానెయ్, రోజూ పొద్దున్నే నడువు. లేకపోతే కాళ్లు తీసేస్తారు" అంది.

ఆ భయంతో అతను మర్నాడే చెరుకు తోటల మధ్య బాట పట్టాడు. వాళ్ల ఊరు తవువాలో పనుంటే ఎవరైనా బస్సెక్కుతారు. ఊరికే నడిచేవాడు పిచ్చివాడే. చెరుకు లారీ నడిపే సామి అతన్ని బలవంతాన ఎక్కించుకొచ్చి, అక్క కుసుమ్ గుమ్మంలో దించాడు.

"తప్పించుకున్నాడు దీదీ. ఈసారి నాడీ ఎయిర్‌పోర్టు దాకా పోయి విమానం ఎక్కేస్తాడు."

"నర్సు నడవమంది" అన్నాడు జగన్నాథ్.

"ఇప్పుడు నర్సు కూడా చేరిందా నీ చెవిలో?" అని సామి నవ్వాడు.

మరో రెండుసార్లు అలాగే ఎవరో తెచ్చి దించాక, కుసుమ్ సిగ్గుతో గేటుకు తాళం వేసింది. వాకిట్లోనే చుట్లు తిరిగితే పక్కింటి పిల్లలు కంచె పట్టుకుని చూశారు. అదీ మానేశాడు.

తర్వాతి క్లాసులో నర్సు అతని బరువు చూసింది, పాదం మీద మానని పుండు చూసింది.

"నడవటం లేదు కదా?"

పక్కన కుసుమ్ తల దించుకుంది.

"బద్ధకం, సిస్టర్" అన్నాడు జగన్నాథ్.

నర్సు మిగతావాళ్ల వైపు తిరిగి, బద్ధకం వల్ల కాళ్లెలా పోతాయో చెప్పసాగింది.