మంజుల గారి ఒక్క పుస్తకం

అనుమతులన్నీ ఆన్‌లైన్‌లోకి మారిన కొన్నేళ్లకు నన్ను సంగారెడ్డి జిల్లాకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. పటాన్‌చెరు, కాజీపల్లి నా పరిధి. యంత్రాల భద్రత, పనివేళలు, రిజిస్టర్లు చూడటం మా పని. నాకు రిజిస్టర్ల పిచ్చి. హాజరుకు ఒకటి, ఓవర్‌టైముకు ఒకటి, సెలవులకు ఒకటి, ప్రమాదాలకు ఒకటి బల్ల మీద పేర్చి ఉంటే కడుపు నిండినట్టుండేది.

మంజుల గారిది కాజీపల్లిలో చిన్న యూనిట్. మందుల కంపెనీల రియాక్టర్ల మూతలు కారకుండా బిగించే రబ్బరు గాస్కెట్లు అక్కడ ప్రెస్ యంత్రాల మీద కోస్తారు. ఆమె సదాశివపేటలో పప్పుల వ్యాపారం చేసే ఇంటి ఆడపడుచు. తనిఖీకి వెళ్తే లావుపాటి పుస్తకం ఒక్కటే నా ముందు పెట్టారు. మిగతావి ఏవమ్మా అంటే, "అన్నీ అండ్లనే ఉన్నయి సార్, జెర తిప్పి సూడుండ్రి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తెరిచైనా చూడకుండా, రిజిస్టర్లు లేవని సంజాయిషీ అడుగుతూ షోకాజ్ నోటీసు ఇచ్చి వచ్చాను.

అది తేలేదాకా లైసెన్సు రెన్యువల్ ఆగిపోతుంది. విచారణ జరిగే వారంలోనే రెన్యువల్ కాగితం చూపకపోతే, ఆమె సరుకు కొనే ఒకే ఒక్క పెద్ద కంపెనీ వేరే వాళ్ళను చూసుకుంటుంది. విచారణకు మా ఆఫీసుకు వచ్చిన రోజు ఈ సంగతి ఆమే చెప్పారు. బతిమాలలేదు. "మొదటి పేజీ సూడుండ్రి సార్" అని పుస్తకం నా వైపు తిప్పారు.

అక్కడ మా శాఖ ఉత్తర్వే అంటించి ఉంది. చిన్న యూనిట్లు విడివిడి రిజిస్టర్లకు బదులు ఒకే ఉమ్మడి రిజిస్టరు రాయవచ్చు. ఆ ఉత్తర్వు నా బీరువాలోనూ ఉంది, ఫైలుకు కట్టిన దారం విప్పకుండా.

తర్వాత పేజీలు చదివాను. అబ్బ, ఏం రాశారండీ! ఎవరి వేలు తెగింది, ఏ ప్రెస్ మీద, మరునాడు దానికి ఏ అడ్డుపలక బిగించారు, అన్నీ ఉన్నాయి. నేను మెచ్చుకున్న యూనిట్లలో ప్రమాదాల రిజిస్టరు ఏడాది పొడవునా ఒకే పెన్నుతో 'ఏమీ లేవు' అని ఉండేది. తనిఖీ ముందు రోజు కూర్చుని నింపేవారని నాకు తెలియక కాదు. దెబ్బలు కూడా దాచకుండా ఎందుకు రాశారని అడిగాను.

"రాయకపోతే మల్ల అదే ప్రెస్ ఇంకొకని వేలు కోస్తది గద సార్" అన్నారు.

ఇచ్చిన నోటీసును ఇన్‌స్పెక్టరే వాపసు తీసుకోవడం మా శాఖలో ఎవరూ చేసేవారు కాదు. 'ఉత్తర్వు చదవకపోవడం నా పొరపాటు' అని రాసి పై అధికారి డిప్యూటీ చీఫ్‌కు పంపాను. ఆయన ఫోన్ చేసి, "సర్వీసు రికార్డుల పడ్తదయ్యా, ఆలోచించినవా?" అన్నారు. ఆలోచించే రాశానన్నాను. పడింది కూడా. రెన్యువల్ మాత్రం గడువుకు ఒక రోజు ముందే ఆమె చేతికి వచ్చింది.

ఉత్తర్వు ఇచ్చినంత మాత్రాన చిన్న యూనిట్ల మీద భారం తగ్గదని, తనిఖీకి వెళ్ళే మనిషి దాన్ని చదవాలని ఆ కేసులో తెలుసుకున్నాను. నేను చదవలేదు. మంజుల గారు చదివారు.