సుంకి ఘాట్ మీద వదిలేసిన రాయి

మావయ్య పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను ఆమదాలవలస స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నాను. సాలూరులో ఒక టైర్ల షాపు ముందు కూర్చుని కబుర్లు చెబుతున్నాడట. పక్కనే లారీ చక్రానికి గాలి కొడుతుంటే ఇనప రింగు ఊడి, ఎగిరొచ్చి ఛాతీకి తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. "మీ మావయ్య మంచం మీద పోతాడని నానెప్పుడూ అనుకోనేదే" అంది అత్త. ఆమె ఏడవలేదు. నేనే ప్లాట్‌ఫాం మీద కూలబడి, జనం చూస్తున్నా సిగ్గులేకుండా ఏడ్చాను.

ఆయన మా అమ్మకు అన్నయ్య. ముప్ఫై ఏళ్ళు సాలూరు నుంచి రాయపూర్ దాకా లారీ నడిపాడు. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. రాస్తాను. కానీ మావయ్య కొట్టేవాడు, ఆ సంగతి దాచిపెట్టి ఆయన్ని తలుచుకోవడం నాకు చేతకాదు. కూర చప్పగా ఉంటే కంచం గోడకు తగిలేది. దారిలో ఎవడైనా తల్లిని పెట్టి తిడితే వాడి పళ్ళు రాల్చి ఇంటికొచ్చి, వాచిన పిడికిలికి అత్త చేత పసుపు రాయించుకుంటూ ఆ కథంతా నాకు చెప్పేవాడు. అమ్మ జబ్బుపడి మంచమెక్కిన ఏడాది బడికి వెళ్ళే ముందు నాకు జడలు వేసింది కూడా ఆ చేతులే. జడలు ఎంత బిగించి వేసేవాడంటే సాయంత్రానికి తల నొప్పెట్టేది. వదులు చెయ్యమని అడగడానికి భయం.

ఆయనకు ఒక్క నియమం ఉండేది. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా బండి ఆగితే, వెనక్కి జారకుండా వెనక చక్రం కింద రాయి పెడతారు. బండి కదిలాక ఆ రాయి తీసి పక్కన పడెయ్యాలి. చాలామంది తియ్యరు. ఎక్కుతున్న బండిని మళ్ళీ ఆపితే ఇంజను గుంజదని భయం, బద్ధకం కూడా. మలుపు తిరిగి వచ్చేవాడు ఆ రాయికి గుద్దుకుంటాడు. మావయ్య తమ్ముడిలా చూసుకున్న ఒక డ్రైవరు అలాగే లోయలో పడిపోయాడు. "రాయి పెట్టినోడే రాయి తియ్యాల. తియ్యనోడు డ్రైవరు కాదు, హంతకుడు" అనేవాడు. రాయి వదిలి వెళ్ళినవాడిని వెంటాడి పట్టుకుని కొట్టిన సందర్భాలు సాలూరు లారీ స్టాండులో ఎవరినడిగినా చెబుతారు.

లారీ మానేశాక పాత స్కూలు బస్సొకటి కొన్నాడు. సీట్లన్నీ పీకించి, లారీ బాడీలు కట్టే షెడ్డులో రెండు చెక్క బల్లలు, ఒక గ్యాస్ పొయ్యి, నీళ్ళ డ్రమ్ము బిగించాడు. అత్త పాత చీరలు కిటికీలకు తెరలయ్యాయి. "ఇన్నాళ్ళూ సరుకు మోసినాను, ఇప్పుడు మిమ్మల్ని మోస్తాను" అన్నాడు. మొదటి ప్రయాణం రాయపూర్ దారిలో ఉన్న కాంగేర్ లోయ జాతీయ వనానికి. ఆ దారంతా ఆయనకు కంఠతా వచ్చు గానీ, అన్నేళ్ళలో ఒక్కసారి కూడా దిగి అక్కడి జలపాతం చూడలేదట. నాలుగేళ్ళ కిందట, అత్తా మావయ్యా, నేనూ మా ఆయనా, అప్పటికి ఆరేళ్ళున్న మా అమ్మాయీ, అందరం బయల్దేరాం.

తెల్లవారుతూనే సుంకి ఘాట్ ఎక్కుతుంటే రేడియేటరు ఆవిర్లు కక్కింది. ఒక మలుపు దగ్గర ఆపాడు. మిగతావాళ్ళు నిద్రలో ఉన్నారు. ఆయనకు నడుం పట్టేసి ఉంది. "ఒసే, రాయెట్టు" అన్నాడు నాతో. రోడ్డు పక్కన పగిలి పడున్న పసుపు రంగు గట్టు రాయి ఒకటి దొర్లించి చక్రం కింద పెట్టాను. ఇంజను చల్లారింది, నీళ్ళు పోశాడు, బండి కదిలించాడు. సన్నగా వాన. రాయి నా ఎదురుగానే ఉంది. వంగేలోపే "బేగి ఎక్కవే, బండి ఆగిపోతాది!" అని అరిచాడు. ఆ అరుపుకి నా కాళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి. ఎక్కాక అడిగాడు.

"రాయి తీసినావా?"

"తీసేశాను మావయ్యా."

అబద్ధం ఎందుకాడానంటే, ఆయనకు భయపడి. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఘాట్ పైన టీ తాగుతుంటే కింది నుంచి వచ్చిన జీపువాడు ఆగి చెప్పాడు. మొగుడూ పెళ్ళాం బైకు మీద వస్తూ మలుపులో రాయికి గుద్దుకున్నారు. అతని పాదం నుజ్జయింది, ఆమె మొహమంతా రక్తం, ఎవరో కిందికి తీసుకెళ్ళారు. "పచ్చ కేబిన్ లారీ అక్కడే ఆగి ఉన్నాది, నాను సూసినాను. రాయి మీద పసుపు రంగు" అన్నాడు. పసుపు రంగు రాయి పెట్టింది నేను. అదే క్షణంలో పచ్చ కేబిన్ లారీ పైకొచ్చింది.

మావయ్య చక్రాల బోల్టులు విప్పే రాడ్డు అందుకున్నాడు. డ్రైవర్ని కాలరు పట్టి కిందికి లాగాడు. మొదటి దెబ్బకి మణికట్టు విరిగింది, ఆ చప్పుడు నాకు వినిపించింది. రెండోది వీపు మీద. "ఆ రాయి నాది కాదు బాబో! నాది సెక్క దిమ్మ, కేబిన్లో ఉన్నాది, సూసుకో!" అని అతను అరుస్తుండగానే మూడోది మోకాలి మీద పడింది. బస్సు కిటికీ తెర తొలగించి మా అమ్మాయి చూస్తోంది. ఆ మూడు దెబ్బలసేపూ నోరు విప్పని నేను అప్పుడు అరిచాను.

"మావయ్యా, కొట్టకు! ఆ రాయి మనది!"

ఎత్తిన రాడ్డు గాల్లో ఆగిపోయింది. నా వైపు తిరిగాడు. నాలుగో దెబ్బ నాకే అనుకుని మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాను. ఆయన నన్ను చూశాడు, అంతా అర్థమైంది. మా ఆయన, అత్త, టీ కొట్టు జనం అందరూ వింటుండగా అన్నాడు: "నానే మర్సిపోనాన్రా. రాయి తియ్యడం నానే మర్సిపోనాను." రాడ్డు తీసి ఆ డ్రైవరు విరగని చేతిలో పెట్టాడు. "కొట్టు."

అతను కొట్టాడు. మావయ్య భుజం ఎముక విరిగింది. "ఇంకోటి కొట్టు" అన్నాడు మావయ్య. డ్రైవరు రాడ్డు విసిరేసి రోడ్డు మీద కూర్చుని ఏడ్చాడు.

కోరాపుట్ ఆసుపత్రిలో పక్కపక్కనే కూర్చోబెట్టి ఇద్దరికీ కట్లు కట్టారు. అత్త వెనక్కి పోదామంది. "గుంటకి జలపాతం సూపిస్తానన్నాను, ఎల్తాం" అన్నాడు మా అమ్మాయిని చూపిస్తూ. అక్కడి నుంచి బండి మా ఆయన నడిపాడు.

తర్వాత జరిగినవి కూడా చెప్పాలి. బైకు మనిషికి పాదం తీసేశారు. మావయ్య ఆసుపత్రికి వెళ్ళి, ఆ రాయి తనదేనని చెప్పాడు. అతని అన్నదమ్ములు వరండాలో పడేసి తన్నారు, ముందు పళ్ళు రెండు పోయాయి. కేసు ఆయన పేరు మీదే నడిచింది. ఒక్క మాట పడని మనిషి, స్టాండులో కుర్రడ్రైవర్లు "రాయి వదిలినోడు" అని వినబడేలా అంటుంటే తల దించుకుని పోయేవాడు. చూడలేక ఒకరోజు, అందరికీ చెప్పేస్తానన్నాను. చెయ్యి ఎత్తాడు, కొట్టకుండానే దించేశాడు.

"నోరుముయ్. నీ గుంట నన్ను సూసి బయపడితే పరవానేదు. నిన్ను సూసి బయపడకూడదు. అది నీకాడ పెరగాల."

నేను నోరు మూసుకున్నాను. నాలుగేళ్ళు హాయిగా మూసుకున్నాను. నాకది సుఖంగానే ఉందని ఒప్పుకుంటున్నాను. మా అమ్మాయి ఆ తర్వాత ఆయన ఒళ్ళోకి మళ్ళీ వెళ్ళలేదు. మొన్న శవం దగ్గర కూడా దూరంగా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఇది అచ్చయ్యేలోపు దానికి నేనే చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం జలపాతం దగ్గర మెట్లు దిగి కూర్చున్నాం. నల్లటి బండల మీద నుంచి నీళ్ళు విరుచుకుపడుతున్నాయి, మాట్లాడాలంటే అరవాల్సిందే. మావయ్య చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది, చొక్కా మీద ఆ డ్రైవరు రక్తం ఎండిపోయి ఉంది. తుంపర పడి ఆ మరక మళ్ళీ ఎర్రబడి కిందికి కారుతుంటే అత్త కొంగుతో తుడుస్తోంది. మా అమ్మాయి రెండు మెట్ల పైన ఆగిపోయింది.

"తాతా, ఆ రాయి నువ్వే మర్చిపోయావా?" అని అరిచింది.

"అవునే, నానే."

అది ఆయన్ని కాసేపు చూసింది. తర్వాత ఆయన్ని తాకకుండా చుట్టూ తిరిగి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది, నా మెడ చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకుంది. మావయ్య మా వైపు చూడకుండా, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.