ఒప్పుకోకూడని వాదం

ఉరవకొండ బస్టాండు పక్కన బట్టలు కుట్టే సర్ఫరాజ్‌కూ, షేర్ ఆటో నడిపే నాగేశ్వరకూ ఇరవై ఏళ్లుగా ఒకటే గొడవ. టీవీ కుస్తీల్లో జనాన్ని కట్టిపడేసే రెజ్లర్లలో అందరికంటే గొప్పోడు ఎవరని.

"అండర్‌టేకర్ ఊరికే నడిచొస్తేనే జనం ఊపిరి బిగబడతారప్పా!" అనేవాడు నాగేశ్వర.

"షాన్ మైకేల్స్ దెబ్బ తినేటప్పుడు ఆ మొగం చూడు. మనకే నొప్పి పుడతాది" అనేవాడు సర్ఫరాజ్.

పోయిన ఎండాకాలం నాగేశ్వరకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. సర్ఫరాజ్ ప్రతి ఆదివారం పోయి, మంచం పక్కన కూర్చుని ఒక్కడే వాదించేవాడు. నాగేశ్వర కోపంగా ఏదో అనబోయి, మాట రాక కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. చూడలేక ఒకరోజు సర్ఫరాజ్, "సరే, నువ్వే గెలిచినావు. అండర్‌టేకరే గొప్ప" అన్నాడు. నాగేశ్వర మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

బయటికొస్తుంటే నాగేశ్వర భార్య హేమావతి అనింది. "ఎందుకొప్పుకుంటివన్నా? నీతో కొట్లాడాలనే ఆయన నోరు కదిలిస్తాండాడు."

వచ్చే ఆదివారం మళ్లీ గొడవ పెట్టుకుందామనుకున్నాడు సర్ఫరాజ్. బుధవారమే చావు కబురొచ్చింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా శవం పక్కన కూలబడి, "అబద్ధం చెప్పినానప్పా. షాన్ మైకేల్సే గొప్ప. లేసి తిట్టు" అని వెక్కి వెక్కి ఏడ్చినాడు.