శుక్రవారం నిప్పు

ఇరవై ఏడేళ్లకే సర్పంచినయ్యాను. అందులో నా గొప్పేం లేదు. మా పంచాయతీ ఆడవాళ్లకు రిజర్వు అయింది, మా వీధిలో డిగ్రీ దాకా చదివిన కమ్మరి పిల్లను నేనొక్కదాన్నే. తొంభైల నాటి మాట ఇది.

విజయవాడ అంచున మా ఊరు. ఉత్త చాసిస్‌తో వచ్చిన లారీ మా వీధిలో బాడీ కట్టించుకుని వెళ్లేది. కంపెనీలే బాడీలు తయారుచేసి పంపడం మొదలయ్యాక ఇరవై షెడ్లలో నాలుగు మిగిలాయి. మొదట మూతపడింది మా నాన్నదే. ఆయన ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీకి సీజన్ పనికి వెళ్లేవాడు. సీజన్ లేనప్పుడు మూసిన షెడ్డు ముందు కూర్చుని పేపరు చదివేవాడు. చదివిన పేజీయే మళ్లీ చదువుతుంటే నాకు ఒళ్లు మండేది.

మా వీధిలో కొలిమిని అగ్గిపుల్లతో ముట్టించరు. మూసిన షెడ్డు మళ్లీ తెరిస్తే పక్క కొలిమి నుంచి నిప్పు తెచ్చుకోవాలి. అందుకని ఎవరో ఒకరి దగ్గర నిప్పు ఆరకుండా ఉండాలి. ఆ పని పెద్ద సాయిబుది. ఆయన మా నాన్న ఈడువాడు, వీధిలో అందరికన్నా పనిమంతుడు. షెడ్డు కట్టేసేటప్పుడు బొగ్గుల మీద బూడిద కప్పి మరీ వెళ్లేవాడు.

“ఈ దసరా దాకా చూస్తానమ్మాయ్. పని రాకపోతే కొలిమి ఆర్పేసి గుంటూర్లో మా పిల్ల దగ్గరికి పోతా” అన్నాడు, నేను గెలిచిన కొత్తల్లోనే. సాయిబు పోతే నిప్పు పోతుంది. నాన్న షెడ్డు ఇక తెరుచుకోదు. ఊరి అభివృద్ధి అని పైకి అనేదాన్ని గాని, నా మనసులో ఉన్నది అదొక్కటే.

మైలవరం రోడ్డులో కొత్తగా ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. వాళ్లకు బస్సులు కావాలి. కాలేజీ సెక్రటరీ గారి గుమ్మం ముందు నాలుగుసార్లు కూర్చుంటే ఐదోసారి “సరేనండీ, వచ్చి చూస్తాను” అన్నారు.

ఇక చూడాలి నా హడావిడి! శామియానా, కుర్చీలు, పూలదండ, వీధి పొడుగునా సున్నం గీతలు. ఇనుప ముక్కలన్నీ గోనెసంచుల్లో కట్టించి వెనక పడేయించాను. మేస్త్రీలందరికీ ఇస్త్రీ చొక్కాలు తొడిగించాను. పొగకి ఆయన తెల్లబట్టలు మాసిపోతాయని కొలుములు కూడా ఆర్పించాను.

సెక్రటరీ గారు కారు దిగి, కొబ్బరినీళ్లు తాగి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. “శుభ్రంగా ఉందండీ. ఇక్కడ పని ఆగిపోయి ఎన్నాళ్లయింది?” అని అడిగారు. ఆయన కారెక్కి వెళ్లిపోయారు.

శామియానా కిందే కూలబడి ఏడ్చాను. బస్సులు పోయాయి. దానికి తోడు ఉన్న నిప్పు నేనే ఆర్పించాను. గోరుచుట్టు మీద రోకటిపోటు. సాయిబు వచ్చి తిట్లు అందుకున్నాడు.

“కమ్మరోళ్లింట పుట్టి కొలిమి ఆర్పిస్తావా? పెళ్లిచూపులకొచ్చినోళ్లకి పిల్లని దాచేసి ముగ్గులు చూపించినట్టుంది నీ యవ్వారం!”

తిట్టి తిట్టి, నన్ను తన షెడ్డులోకి తీసుకెళ్లి మూలనున్న కుంపట్లో బూడిద కదిపాడు. కింద ఎర్రగా నిప్పు.

“సర్పంచి ఆర్పమంటే ఆర్పేస్తామా ఏంటి?” అన్నాడు. ఆ మనిషి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

మర్నాడు కాలేజీకి వెళ్లి, “నిన్న మీరు చూసింది నా బడాయండీ. మా పని చూళ్లేదు. ఈసారి చెప్పకుండా రండి” అన్నాను. సెక్రటరీ గారు నవ్వారే గాని వస్తాననలేదు.

పది రోజులకు వచ్చారు. కబురు అంది నేను పంచాయతీ ఆఫీసు నుంచి పరుగెత్తేసరికి వీధిలో ఒకటే మోత. రిపేరుకొచ్చిన పాత లారీ కోసం సాయిబు ఎర్రగా కాలిన ఇనప పట్టీ వంచుతున్నాడు. పక్కనే సెక్రటరీ గారు. నిప్పురవ్వ ఎగిరి ఆయన ప్యాంటుకు చిల్లు పెట్టింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన చిల్లులో వేలు పెట్టి చూసుకుని, “పనైతే జరుగుతోందండీ” అన్నారు. నాలుగు బస్సులు అక్కడే ఖాయం చేశారు, దసరా సెలవులయ్యేసరికి కావాలన్నారు. ఆ తర్వాత నేను పదవిలో ఉన్నన్నాళ్లూ, ఎవరు చూడ్డానికి వస్తున్నా ఆ వీధి ఊడ్పించలేదు.

నాలుగు షెడ్లతో అయ్యే పని కాదది. నాన్న షెడ్డు తెరవాల్సిందే. మొదటి చాసిస్ శుక్రవారం మధ్యాహ్నం వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. నాన్న తలుపులు తీసి, కొలిమి తుడిచి, మళ్లీ కూర్చున్నాడు. శుక్రవారం పూట నిప్పెవరిస్తారు? లక్ష్మి వెళ్లిపోతుందని మావాళ్లెవరూ ఇవ్వరు.

“రేపు చూద్దాంలే” అన్నాడు. రేపు శనివారం, ఇనుముకు మంచిది కాదంటాడు. ఎల్లుండికి ఇంకేదో దొరుకుతుంది. ఆయనకు భయంగా ఉందని నాకు తెలుసు. ఇన్నేళ్ల తర్వాత చెయ్యి తిరుగుతుందో లేదో అని.

అప్పుడే పెద్ద సాయిబు మసీదు నుంచి వచ్చాడు. టోపీ తియ్యకుండానే తన షెడ్డులోకి వెళ్లి, ఇనప చట్టిలో నిప్పులు పట్టుకొచ్చాడు.

“శుక్రవారం గదా సాయిబూ” అన్నాడు నాన్న.

“మాకు శుక్రవారమే మంచిరోజు. పట్టు.”

నాన్న చట్టి అందుకున్నాడు. నిప్పులు కొలిమిలో పోసి, బొగ్గు పేర్చి, తిత్తి ఆడించాడు. మంట లేచింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“దసరాకి గుంటూరు పోతానన్నావుగా?” అన్నాడు నాన్న, మంట మీంచి చూపు తిప్పకుండా.

“నిప్పిచ్చినోణ్ణి నేనే పోతే ఎట్టా? రేపు నీది ఆరిపోతే ఎవర్నడుగుతావ్?”

టోపీ మడిచి జేబులో పెట్టుకుని, సుత్తి ఎక్కడుందని అడిగాడు సాయిబు.