“మీ ఇష్టం” అన్న మనవరాలు

కరోనా తగ్గి కోర్టులు మళ్ళీ గాడిన పడ్డ ఏడాది, వేసవి సెలవులకు కాస్త ముందు, పాకాలలో ఒక ముసలామె సాక్ష్యం నమోదు చేసుకురమ్మని కోర్టు నన్ను అడ్వకేట్ కమిషనర్‌గా నియమించింది. మంచం దిగలేని సాక్షి ఉంటే కోర్టే ఆ మంచం దగ్గరికి పోవాలి. జడ్జిగారు కదలలేరు కాబట్టి, ఏ పక్షానికీ సంబంధం లేని ఒక వకీలును పంపుతారు. ప్రమాణం చేయించడం, చెప్పింది రాయడం, చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవడం, తనను నియమించిన వారంటుతో పాటు కోర్టుకు అప్పజెప్పడం, ఇంతే అతని పని. మంచి చెడ్డ చెప్పే అధికారం లేదు. ముప్పై ఏళ్ళు తిరుపతి కోర్టుల్లో నోరు పెట్టుకుని బతికిన నాబోటివాడికి ఆ నోరు కట్టేసుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

కేసు ఇది. చెంగల్రాయప్ప అనే ఆయన మామిడి మండీ నడిపి సొంతంగా ఒక ఇల్లు, ఒక తోట సంపాదించాడు. పెద్దకొడుకు, కోడలు చిన్న వయసులోనే పోతే వాళ్ళ కూతురు హేమావతిని తనే పెంచాడు. చనిపోయేముందు ఆస్తి మొత్తం చిన్నకొడుకు మునిరత్నానికి వీలునామా రాశాడు. హేమావతికి రాసింది ఒక్క వాక్యం. యోగ్యుడైన వరుడు కుదిరినప్పుడు ఆమె పెళ్ళి మునిరత్నం తన ఖర్చుతో జరిపించాలి అని. అప్పటికి ఆమెకు నలభై దగ్గర పడుతోంది. పెళ్ళి ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తడం మానేసి చాలా కాలమైంది. మా వైపు పెళ్ళికాని ఆడపిల్లకు ఏం రాయాలంటే దస్తావేజు రాసేవాళ్ళకు చేతికొచ్చే వాక్యం అదొక్కటే. వయసు చూసేదెవరు!

తాత పోయాక మునిరత్నం ఇల్లు బేరానికి పెట్టాడు. తల్లిని తిరుపతికి తీసుకుపోతానన్నాడు. హేమావతి ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆ జీతానికి బయట బాడుగ కట్టుకుని బతకడం కలలోని మాట. ఉండడానికి నీడ కావాలి, అందుకే కోర్టుకెక్కింది. ఆమె వకీలు దావా ఎలా రాశాడంటే, వీలునామా రాసేనాటికి ముసలాయనకు మతిస్థిమితం లేదు, కొడుకు ఒత్తిడి చేసి రాయించుకున్నాడు అని. వీలునామా చెల్లకపోతే ముసలాయన భార్యకు, మునిరత్నానికి, హేమావతికి తలా మూడో వంతు వస్తుంది. వీలునామా కేసు అనగానే మా వాళ్ళందరం కళ్ళు మూసుకుని రాసే మాట అది. చచ్చినవాడు లేచి వచ్చి కాదనడు కదా!

సాక్షి కుప్పమ్మ, చెంగల్రాయప్ప భార్య. కొడుకు తరఫున సాక్ష్యం. తుంటి విరిగి, పుత్తూరు కట్టు కట్టించుకుని ఆ ఇంట్లోనే మంచం మీద ఉంది. నేను పోయేసరికి ఆమెను లేపి, వెనకాల దిండ్లు పెట్టి, చీర సర్దుతున్నది ఎవరు? దావా వేసిన హేమావతే. అవతలి పక్షం సాక్షికి అన్నం పెట్టేదీ, ఒళ్ళు తుడిచేదీ ఆమే. నాకు, వకీళ్ళిద్దరికీ కాఫీ తెచ్చింది. పార్టీల ఇంట్లో కమిషనర్ కాఫీ తాగకూడదు, వద్దన్నాను. గ్లాసు వెనక్కి తీసుకుపోతూ ఆమె ముఖం చూడలేక ఫైలు తిరగేశాను.

ప్రమాణం అయింది. మునిరత్నం వకీలు దాఖలు చేసిన అఫిడవిట్‌లోని మాటలు తనవేనని కుప్పమ్మ ఒప్పుకుంది. తర్వాత హేమావతి వకీలు క్రాస్, అంటే ఎదురు ప్రశ్నలు, మొదలుపెట్టాడు. మొదట తోట గురించి, రాకపోకల గురించి. చివరికి అసలు మాటకొచ్చాడు. ఆఖర్లో మీ ఆయనకు మతి చలించింది, మనుషుల్ని గుర్తుపట్టేవాడు కాదు అన్నాడు. మా పద్ధతిలో దీన్ని సూచన అంటారు. సాక్షి కాదంటే “వాస్తవం కాదు” అని రాసుకుని ముందుకు పోతాం.

కుప్పమ్మ వకీలు వైపు చూడనైనా లేదు. గోడకానుకుని నిలబడ్డ మనవరాలిని చూసింది.

“ఏమే హేమా, మీ తాతకు మతి లేదని నువ్వేనా రాయించింది? ఒంటికీ రెంటికీ నువ్వే గదా పట్టుకోని పోతా ఉంటివి. ఒక్కనాడన్నా నిన్ను గుర్తుపట్టకుండా ఉన్నాడా?”

హేమావతి ముఖం కొంగులో దాచుకుంది. కొంగు తీసి తన వకీలుతో అంది. “ఆ మాట కొట్టేయండి సార్. తాతకు మతి బాగానే ఉణ్ణింది. నాకు ఉండేదానికి ఒక రూము గావాల. అంతే సార్.”

వకీలు పళ్ళు నూరాడు. నువ్వు మాట్లాడకూడదమ్మా, కేసు పోతుంది అన్నాడు. ఆ మాట చెవిన పడ్డట్టే లేదు అవ్వకూ మనవరాలికీ.

“ఆ పొద్దు రాసే అయ్యోరిని ఈడికే పిలిపించి, నీకేం గావాల్నో చెప్పు పాపా అని అడిగినాడు గదా మీ తాత,” అంది కుప్పమ్మ. “మీ ఇష్టం తాతా అంటివి.”

“అంతమంది ముందర నాకిది గావాలని యెట్ల అడిగేదవ్వా? ముసలోడు ఎప్పుడు పోతాడా అని కాసుకోనుండాది అనుకోరా? సిగ్గేసింది.”

గుమ్మంలో నిలబడ్డ మునిరత్నం అప్పుడు నోరు తెరిచాడు. “నన్ను అడిగుంటే నేను కాదందునా?”

“అడగలేదని ఇల్లు బేరం పెడితివే నాయనా,” అంది తల్లి. “నన్ను గూడా అడిగినాడు మీ నాయన. నేను గూడా మీ ఇష్టమే అంటిని. నాకేం రాసినాడు, సెప్పు?”

ఏమీ రాయలేదు. వీలునామాలో ఆమె పేరు “నా భార్య కుప్పమ్మ” అని ఒకచోట ఉంది, అంతే. మునిరత్నం తల వంచుకుని బయటికి పోయి వరండాలో కూర్చున్నాడు. వకీళ్ళిద్దరూ కాగితాలు చూసుకుంటున్నారు. పరాయి ఇంటి పడకగదిలోకి తోసుకొచ్చినట్టు నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా రాయాలి. ప్రశ్నలు రాయం, సాక్షి జవాబును “నేను” అన్నట్టుగా రాస్తాం. మనవరాలి మాటలు సాక్ష్యం కావు, వాటికి కాగితం మీద చోటు లేదు. కాబట్టి చివరికి మిగిలింది ఇది: “నా భర్తకు మతిస్థిమితం లేదన్నది వాస్తవం కాదు. వీలునామా రాసే రోజు ఆయన వాదిని ఏం కావాలని అడిగారు. ఆమె మీ ఇష్టం అన్నది.” చదివి వినిపించాను. సిగ్గుపడి అన్న మాట కాగితం మీద ఆమె సమ్మతి అయి కూర్చుంది. కుప్పమ్మ వేలికి సిరా పూసి ముద్ర వేయించాను. ఆ వేలు తుడిచింది కూడా హేమావతే.

ఆ మతి మాటను ఆమె దావాలోంచి తీయించేసింది. వాటా ఆశ దాంతోనే పోయింది. వకీలు దావా సవరించి, చనిపోయిన కొడుకు తాలూకు పెళ్ళికాని కూతురుగా తాత ఆస్తిలోంచి పోషణ, నివాసం అడిగాడు. చట్టంలో ఆ దారి ఉంది, ముందే పట్టుకుని ఉండాల్సింది. పెళ్ళి కానంతకాలం ఆ ఇంట్లో ఒక గదిలో ఉండవచ్చని డిక్రీ వచ్చింది. మునిరత్నం అప్పీలుకు పోలేదు. ఇల్లూ అమ్మలేదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే. వీలునామా రాసేటప్పుడు, ఎవరికి తక్కువ రాస్తున్నారో వాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడగండి. నలుగురిలో అడిగితే మన ఇళ్ళలో ఆడవాళ్ళు “మీ ఇష్టం” అంటారు. అది జవాబు కాదు, మళ్ళీ అడగాలి.

ప్రాక్టీసు మానేశాక నా వీలునామా నేనే రాసుకున్నాను. నీకేం కావాలని నా భార్యను అడిగితే, మీ ఇష్టమండీ అంది. మర్నాడు అడిగినా అదే మాట. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మళ్ళీ అడిగాను. అప్పుడు, పెరటి వైపు గది తన పేరున ఉంటే బాగుంటుందని చెప్పింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన ఇంట్లో ఒక గది అడగడానికి ఆమె తల దించుకుంది.