గొడుగు కొనతో గోడలు పొడిచే ఓవర్సీరు

ఆ ఓవర్సీరును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏ గోడ కనిపించినా గొడుగు కొనతో పొడిచి, "ఇదీ ఒక గోడేనా?" అనేవాడు.

శ్రీహరికోటకు ఇంకా రాకెట్లు రాని రోజులు. సముద్రం ఒడ్డున నేను పాఠాలు చెప్పిన బడి, టిప్పుతో యుద్ధాల కాలంలో దొరలు కట్టిన బంగళా. గుడ్డుసొన కలిపిన సున్నంతో మెరుగుపెట్టిన ఆ గోడల్లో ఆడపిల్లలు ముఖం చూసుకుని బొట్టు దిద్దుకునేవాళ్లు. మరమ్మతుకని వచ్చిన ఓవర్సీరు ఆ సున్నమంతా చెక్కించి సిమెంటు పూయించాడు.

"గోడ లోపలి చెమ్మ బయటికి పోవద్దా సార్?" అన్నాను.

"ఇంజనీరు మీరా, నేనా అయ్యవారూ?"

వానలకు సిమెంటు పెచ్చులుగా ఊడింది. మళ్లీ వచ్చి, గొడుగుతో పొడిచి, "చూసినారా? గోడకే సత్తువ లేదని అప్పుడే చెప్పినాను," అంటూ బంగళానే పడగొట్టించాడు.

ఆ ఇటుకలతోనే తన ఇంటికి ప్రహరీ కట్టుకున్నాడు. దానికి మాత్రం సున్నమే పూయించాడు.