శివరామకృష్ణ గారి పదకొండు నిమిషాలు

లోకంలో ఎవరు ఏ కబురు చెప్పినా శివరామకృష్ణ గారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని గంటలకి?" మనవడు పుట్టాడని మిఠాయి పట్టుకొచ్చిన వాళ్ళనీ అదే అడిగారు, ఉద్యోగం పోయిందని మొహం వేలాడేసుకుని వచ్చిన వాళ్ళనీ అదే అడిగారు. పొద్దున్నేనండీ అంటే ఆయనకి ఆనదు. పొద్దున్న అంటే ఐదూ ఉంటుంది, పదకొండూ ఉంటుంది, అందులో ఏ పొద్దున్నో తేలాలి. తేలాక గానీ సంతోషించడమా, సానుభూతి చూపించడమా అన్న సంగతికి రారు.

ఘాజియాబాద్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి పాలు తెచ్చే భయ్యా ఏడంతస్తులూ మెట్లెక్కేవాడు, లిఫ్టు దగ్గర ఈయన కాపలా ఉంటారని. ఆయన ఎడమ చేతికి ఒక వాచీ, చొక్కా జేబులో ఇంకో వాచీ. జేబులోది చేతిదాని మీద నిఘాకి. మెట్రో ప్లాట్‌ఫాం మీద బోర్డు 'రెండు నిమిషాలు' అని చూపిస్తే ఈయన లెక్కపెట్టి, రెండు నిమిషాల పది సెకన్లయితే పక్కవాళ్ళందరికీ తెలియజేసేవారు. ఎదురు ఫ్లాటు రేవతి గారు ఒంటరి మనిషి. ఆవిడ కుక్కర్ మూడో విజిల్ ఎనిమిదీ పన్నెండుకి వినపడకపోతే, ఎనిమిదీ పదిహేనుకి ఈయన తలుపు తట్టేవారు. ఆవిడ విసుక్కుంటూ ఈరోజు ఉప్మా అని చెప్పి పంపించేసేది.

ఆయన భార్య మాణిక్యాంబ గారి బాధ వేరు. వాళ్ళ పెళ్ళిలో మూడో ముడి పడేసరికి ముహూర్తం దాటి నలభై సెకన్లయిందట. నలభై ఒక్క ఏళ్ళుగా ఆయన ఆ మాట చెబుతూనే ఉన్నారు, ఆవిడ వింటూనే ఉంది. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో టైం టేబుళ్ళు తయారుచేసిన మనిషి, ఇంకెలా ఉంటారులే అని చుట్టుపక్కల వాళ్ళు సరిపెట్టుకున్నారు.

అటువంటి మనిషి చేతిలో తేజశ్రీ పుస్తకం పడింది.

తేజశ్రీ కాకినాడ పిల్ల. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఢిల్లీ మునిర్కాలో అద్దె గది. మూడేళ్ళపాటు ఆదివారాలన్నీ ఆ గదిలోనే తలుపేసుకుని ఒక బొమ్మల నవల గీసింది. అందులో హీరోయిన్ పేరు క్షణప్రభ. పగలు ఆఫీసులో కూర్చుంటుంది, పిలుపొస్తే చేతికున్న నీలం వాచీ తిప్పి ఏ కాలానికైనా ఎగిరిపోయి మనుషుల్ని కాపాడుతుంది. రాజధాని తెలుగు మిత్రమండలి వాళ్ళు బొమ్మల నవలలకి పోటీ పెట్టారు. గెలిచిన పుస్తకాన్ని అచ్చు వేయిస్తామన్నారు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ సంతకం పెడితేనే గెలిచినట్టు. ఆ అచ్చు పుస్తకం చేత్తో పట్టుకోవాలని తేజశ్రీ ఎంత ఆశపడిందో ఆ గది గోడలకే తెలుసు.

కథ చూడడానికి కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన లలితకుమారి గారు, బొమ్మలు చూడడానికి ప్రకటనల కంపెనీలో పనిచేసే ఉమాశంకర్ కుదిరారు. మూడో మనిషి మామూలు పాఠకుడై ఉండాలని నియమం. దాని కోసం పదింటికి మీటింగ్ పెడితే పదింటికి వచ్చింది శివరామకృష్ణ గారొక్కరే. మిగతావాళ్ళు పదకొండున్నరకి వచ్చి చూస్తే ఎన్నిక ఏకగ్రీవంగా ముగిసిపోయి ఉంది.

తుది విచారణకి తేజశ్రీని ఒక ఆదివారం పదకొండింటికి రమ్మన్నారు. మెట్రో మారడంలో కాస్త జాగై, గది తలుపు తోసేసరికి శివరామకృష్ణ గారు తలెత్తకుండానే "పదకొండూ నాలుగు" అన్నారు. అక్కడే ఆమె సగం ఆశ వదులుకుంది.

లలితకుమారి గారు కథని మెచ్చుకున్నారు. వాచీకి పెట్టిన రెండు నియమాలూ తనకి బాగా నచ్చాయన్నారు. క్షణప్రభ ఏ రోజులోకైనా ఒక్కసారే వెళ్ళగలదు. వెళ్ళిన రోజులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎగరాలంటే వాచీ పావుగంట చల్లారాలి. ఉమాశంకర్ బొమ్మల్ని మెచ్చుకున్నాడు. గతానికి నీలిమందు రంగూ, వర్తమానానికి పసుపూ వాడడం, జనం నిండిన బొమ్మలో కూడా కన్ను ఎటు పోవాలో గీత చెప్పడం, ఇవన్నీ పేజీలు తిప్పి మరీ చూపించాడు. తేజశ్రీకి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు శివరామకృష్ణ గారు సంచీలోంచి నోటుబుక్కు తీశారు.

"నాకు అరవై రెండు సందేహాలున్నాయమ్మా," అన్నారు. "మూడో పేజీ. మీ క్షణప్రభ ఆఫీసు నుంచి బయల్దేరింది ఎన్ని గంటలకి?"

"ఆరున్నరకి, అంకుల్."

"శుక్రవారం ఆరున్నరకి గురుగ్రామ్‌లో క్యాబ్ ఎక్కి, ఆ ట్రాఫిక్‌లో ఏడింటికి మునిర్కాలో దిగిందని గీశారు. ఆ అమ్మాయి నాలుగు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళిందంటే నమ్మాను. ఇది మాత్రం నమ్మలేను."

ఉమాశంకర్ పకపకా నవ్వాడు. తేజశ్రీకి నవ్వు రాలేదు. తర్వాత పద్నాలుగో పేజీ వచ్చింది. అందులో కోట కాపలా భటుడు 'ఐదు నిమిషాల్లో వస్తా' అంటాడు. ఆ కాలపు భటుడికి నిమిషం సంగతి ఎవరు చెప్పారని ఈయన ప్రశ్న. ఇరవై రెండో పేజీలో సాయంత్రం ఏడింటికి నిండు చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. పౌర్ణమి చంద్రుడు ఆ వేళకి ఇంకా తూర్పున లేస్తూ ఉంటాడని ఈయన అభ్యంతరం.

"అది ఆర్టిస్టుకుండే లైసెన్సండీ," అన్నాడు ఉమాశంకర్.

"ఎవరి లైసెన్సు చూసీ చంద్రుడు ముందుగా రాడు," అన్నారు శివరామకృష్ణ గారు, ఇంకో టిక్కు పెట్టుకుంటూ.

ఇలా గంటసేపు నడిచింది. ముప్పయ్యో సందేహం దగ్గర తేజశ్రీకి ఏడుపొచ్చింది, నలభయ్యో దాని దగ్గర కోపమొచ్చింది, యాభై దాటాక రెండూ పోయి ఆకలి మిగిలింది. ఈ పెద్దాయన సంతకం ఇక కలలోని మాటే అనుకుంది. పుస్తకం తీసుకుని వెళ్ళిపోదామని లేవబోతుంటే ఆయన నోటుబుక్కు మూసి, చివరి పేజీ తెరిచి ఆమె వైపు తిప్పారు.

చివరి అధ్యాయం మార్చి పన్నెండున జరుగుతుంది. ఆరోజు క్షణప్రభకి రెండు పనులు. ఒకచోట స్కూలు బస్సులతో నిండిన వంతెన కూలబోతోంది. ఇంకోచోట బస్టాప్ బెంచీ మీద ఆమె తాతయ్య నాలుగూ నలభై నుంచి ఎదురుచూస్తున్నాడు, ఐదూ ఐదుకి ఆయన బస్సు. క్షణప్రభ వంతెన దగ్గర దిగి పిల్లల్ని కాపాడుతుంది. వాచీ చల్లారి బస్టాప్‌కి చేరేసరికి ఐదూ ఎనిమిది. ఖాళీ బెంచీ, దాని మీద సున్నుండల డబ్బా. కథ అక్కడితో సరి.

"ఇది అరవై రెండోది," అన్నారాయన. ఈసారి గొంతు తగ్గించారు. "కథలో ఐదూ ఎనిమిదని ఉంది. బొమ్మలో బెంచీ నీడ రోడ్డు దాటి అవతలి గోడ ఎక్కింది. మార్చి పన్నెండున ఢిల్లీలో నీడ అంత సాగాలంటే ఆరు కావాలి. మిగతా తప్పులన్నీ నువ్వు చూడకుండా గీసినవి. ఇది చూసి గీసింది. ఆరింటికి అక్కడ ఎవరున్నారమ్మా?"

తేజశ్రీ వేలు ఆ నీడ వెంట గోడ దాకా వెళ్ళింది. మీరు కాస్తా నువ్వు అయిన సంగతి ఆమె చెవికి తగిలింది.

"నేనే అంకుల్," అంది. "ఐదింటికి వస్తానన్నాను. ఆఫీసులో మీటింగ్ తెమిలి వచ్చేసరికి ఆరయింది."

తాతయ్య ఢిల్లీ వచ్చి నెల్లాళ్ళుండి తిరిగి వెళ్తున్న రోజది. మునిర్కా బస్టాప్‌లో కూర్చుని చూసి చూసి, డబ్బా పక్కనున్న పళ్ళ భయ్యాకి అప్పగించి స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. ఫోన్లో ఒక్క మాట అనలేదు, సున్నుండలు చితికిపోలేదు కదా అని మాత్రం అడిగాడు. మళ్ళీ ఢిల్లీ రాకుండానే కన్నుమూశాడు. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. మూడేళ్ళు బొమ్మలు గీసిందంతా ఈ ఒక్క బెంచీ కోసమేనని అప్పటిదాకా ఆమెకే సరిగా తెలియదు.

శివరామకృష్ణ గారు సంచీలోంచి మడత పెట్టిన గ్రాఫ్ కాగితం తీసి బల్ల మీద పరిచారు. రైళ్ళ రాకపోకలకి వేసినట్టే అడ్డగీతలూ ఏటవాలు గీతలూ, పక్కన క్షణప్రభ పేరు.

"తొమ్మిదో పేజీలో నువ్వే రాశావు, వాచీ చల్లారడం దిగిన క్షణం నుంచే మొదలవుతుందని. వంతెన దగ్గర దిగింది నాలుగూ ముప్ఫై తొమ్మిదికి. ఆఖరి బస్సు గట్టెక్కింది నాలుగూ యాభై మూడుకి. నువ్వు పావుగంట అక్కడి నుంచి లెక్కపెట్టావు, అందుకే మూడు నిమిషాలు ఆలస్యమైంది. కానీ ఆ పిల్ల పిల్లల్ని కాపాడుతుండగానే వాచీ చల్లారిపోతూ ఉంది కదా. నాలుగూ యాభై నాలుగుకి బెంచీ దగ్గరుంటుంది. బస్సు ఐదూ ఐదుకి. ఎవరినీ వదిలేయక్కర్లేదమ్మా. పదకొండు నిమిషాలున్నాయి."

లలితకుమారి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఉమాశంకర్ ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని మళ్ళీ మళ్ళీ చూశాడు.

"పదకొండు నిమిషాల్లో వాళ్ళేం మాట్లాడుకుంటారు అంకుల్?" అంది తేజశ్రీ.

"అది నా సెక్షను కాదు. బండి ఆపించడం వరకే నా పని. దిగినవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఏం చెప్పుకుంటారో వాళ్ళిష్టం."

ముగ్గురూ సంతకాలు పెట్టారు. శివరామకృష్ణ గారు తన సంతకం కింద టైము కూడా వేశారు, పన్నెండూ నలభై ఒకటి అని.

అప్పటికే మాణిక్యాంబ గారు పులిహోర క్యారేజీతో బయట కూర్చుని ఉన్నారు. తేజశ్రీకి ప్లేటు చేతికిస్తూ, ఏమైనా అన్నారా అమ్మా అని ముందే నొచ్చుకున్నారు.

"రైళ్ళ వేగం పెంచి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఆఫీసులో వేరే ఉండేవాళ్ళు," అందావిడ. "ఈయన ముప్పై నాలుగేళ్ళూ బళ్ళు ఆపించడమే. ఏ మూల నుంచో చిన్న బండి వస్తోంది, అందులో జనం పెద్ద బండి అందుకోవాలి, నాలుగు నిమిషాలు ఆపండి బాబూ అని ఫైళ్ళ మీద ఫైళ్ళు. సగం మంది ఈయన్ని చూసి తప్పుకు తిరిగేవారు. నీ పుస్తకం ఆరుసార్లు చదివారు. ఆ పిల్లకి కనెక్షన్ తప్పకూడదే అంటూ అన్నం కూడా సరిగ్గా తినలేదు."

తేజశ్రీ పులిహోర తింటూ లోపలికి చూసింది. ఆయన గోడ గడియారం కిందకి కుర్చీ లాక్కుని, ఎక్కి, దాన్ని ఒకటిన్నర నిమిషం ముందుకి తిప్పుతున్నారు. అంతసేపూ తిట్టుకున్న మనిషి ఇప్పుడు ఆమె కంటికి ఎంతో ముద్దొచ్చారు. వెళ్ళి కుర్చీ పట్టుకుంది.

పుస్తకం వర్షాకాలం ముగిసేలోగా అచ్చయింది. చంద్రుడు దిగొచ్చి తూర్పున కూర్చున్నాడు, భటుడు ఘడియ అనడం నేర్చుకున్నాడు, క్షణప్రభ ఏడున్నర దాటాక ఇల్లు చేరింది. చివర్లో నాలుగు పేజీలు పెరిగాయి. వాటిలో మాటల్లేవు. బెంచీ మీద తాతా మనవరాలూ పక్కపక్కన కూర్చుని సున్నుండలు తింటారు, బస్సొస్తుంది, ఆయన ఎక్కి కిటికీలోంచి చెయ్యూపుతాడు, ఆమె డబ్బా ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ కూర్చుంటుంది.

ఆవిష్కరణ సభ ఐదింటికని కార్డులో వేశారు. ముఖ్య అతిథి ఆరుంబావుకి వచ్చాడు. శివరామకృష్ణ గారు ఆ గంటంబావూ మొదటి వరసలో కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ ఎంత ఆలస్యమైందో విడివిడిగా చెప్పారు. తేజశ్రీ మొదటి ప్రతి తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన ముందు పేజీలు ముట్టుకోలేదు. తిన్నగా చివరికి వెళ్ళి, బెంచీ నీడని వేలితో కొలిచి చూసుకున్నారు. అది రోడ్డు దాటలేదు, ఇవతలి అంచు దగ్గరే ఆగింది.

"బాగుందమ్మా," అన్నారు. తర్వాత ఉండబట్టలేక అడగనే అడిగారు. "ఎన్ని గంటలకి గీశావు ఈ నీడ?"

"ఆ బెంచీ మీదే కూర్చుని గీశాను, అంకుల్. నాలుగూ యాభై నాలుగు నుంచి ఐదూ ఐదు దాకా."

శివరామకృష్ణ గారు తలాడించారు. ఆ ఒక్కసారికి ఆయన వాచీ చూసుకోలేదు.